వైజాగ్ నుంచి సిడ్నీ: సింగపూర్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా?

మా అమ్మాయి సిడ్నీలో స్థిరపడ్డాక ఈ రెండు దారుల్లోనూ చాలాసార్లు తిరిగాను. నా ఓటు సింగపూర్‌కే.

విశాఖ నుంచి సిడ్నీకి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. నేరుగా కొలిస్తే దాదాపు 9,200 కిలోమీటర్లు. ఇప్పుడు విడివిడిగా చూడండి: సింగపూర్ వరకు సుమారు 2,900, అక్కణ్ణుంచి సిడ్నీకి 6,300. కూడితే మళ్లీ అదే 9,200! అంటే సింగపూర్ సరిగ్గా దారిలోనే పడుతుంది, చుట్టు అన్నమాటే లేదు. ఢిల్లీ అయితే ముందు 1,360 కిలోమీటర్లు ఎగువకు పోయి, అక్కణ్ణుంచి ఇంకో 10,400 ఎగరాలి. గాజువాక నుంచి ఆర్కే బీచ్‌కి అనకాపల్లి మీదుగా వెళ్లినట్టుంటుంది.

గాల్లో ఉండే సమయం సింగపూర్ దారిలో నాలుగూ ఎనిమిదీ, పన్నెండు గంటలు. ఢిల్లీ దారిలో రెండుంపావు, ఆపైన ఏకబిగిన పన్నెండు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఏకబిగి పన్నెండు గంటలే అసలు పరీక్ష. సింగపూర్‌లో దిగి, కాసేపు నడిచి, కాఫీ తాగి మళ్లీ ఎక్కితే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే కనెక్షన్ సరిగ్గా కుదరకపోతే అక్కడే సగం రోజు పోతుంది. బుక్ చేసేటప్పుడు కిలోమీటర్లు కాదు, ఈ ఖాళీ గంటలు చూసుకోండి.

టికెట్ మీద టైములు చూసి కంగారు పడకండి, అవి ఏ ఊరి టైము ఆ ఊరివే. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అందుకే నాలుగు గంటల ప్రయాణం కాగితం మీద ఆరున్నరలా కనిపిస్తుంది. రాత్రి ఎక్కితే నిద్ర పట్టేలోపే తెల్లారిపోతుంది. సిడ్నీ గడియారం అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మనకంటే అయిదున్నర గంటలు ముందుంటుంది, మిగతా నెలల్లో నాలుగున్నర. ఎయిర్‌పోర్టుకి వచ్చే అల్లుడికి టైము చెప్పేముందు ఇది గుర్తుంచుకోవాలి.

వైజాగ్–సింగపూర్ రూటులో ఒకప్పుడు సిల్క్‌ఎయిర్ తిరిగేది, 2019 నుంచి స్కూట్ తిప్పుతోంది. స్కూట్ లోకాస్ట్ సర్వీసు కాబట్టి లగేజీ, భోజనం ముందే విడిగా కొనుక్కోవడం నయం. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో ఉండేలా తీసుకోండి. విడివిడి టికెట్లయితే మధ్యలో సూట్‌కేసు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు, సింగపూర్ వీసా టెన్షన్ అదనం. ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు పరాయి దేశంలో మారడానికి భయపడితే మాత్రం ఢిల్లీయే మేలు, ఎవరినైనా హిందీలో అడగొచ్చు.

సిడ్నీలో దిగాక ఇంకో అరగంట, గంట కలుపుకోండి. ఆస్ట్రేలియాలో దిగేవాళ్లు నింపే కార్డులో తినుబండారాలున్నాయని టిక్ పెట్టినవాళ్లను విడిగా చూస్తారు. మా ఆవకాయ సీసాకి చుట్టిన నాలుగు కవర్లూ విప్పించి, మూత దగ్గర పరీక్షగా చూసి వదిలేశారు. టిక్ పెట్టకుండా దొరికితే ఫైను పడుతుంది.