బీచ్‌లో దెబ్బ తగిలితే: ఒడ్డున రాజీయా, వినియోగదారుల కమిషనా?

నెల్లూరు జిల్లా మైపాడులోనో ప్రకాశం జిల్లా కొత్తపట్నంలోనో జెట్‌స్కీ తిరగబడి చెయ్యి విరిగిందనుకోండి. నడిపేవాళ్లు ముందుగా చూపించేది మీరు సంతకం పెట్టిన కాగితమే: "ఏం జరిగినా మాకు బాధ్యత లేదు". చాలామంది అక్కడే ఆశ వదిలేసుకుంటారు. వదులుకోనక్కర్లేదు. అల కొట్టి పడిపోవడం లాంటి, ఆటతోపాటే ఉండే ప్రమాదానికైతే ఆ సంతకం వాళ్లకు పనికొస్తుంది. బకిల్ పట్టని లైఫ్ జాకెట్ ఇవ్వడం, ఈశాన్య రుతుపవనాల గాలికి సముద్రం పొంగుతున్నా బండి దింపడం మాత్రం నిర్లక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని సేవాలోపంగా చూస్తుంది. ఇక పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంతకమైతే అసలు చెల్లదు.

భయపడాల్సింది రెండో కాగితానికి. ఒడ్డునే పదివేలు చేతిలో పెట్టి "మొత్తం ముట్టింది, ఇక ఏమీ అడగను" అని రాయించుకుంటారు. తర్వాత అది చెల్లదనాలంటే బలవంతమో మోసమో జరిగిందని మీరే రుజువు చేయాలి. ఆపరేషన్, ఫిజియోథెరపీ, పోయే జీతం ఎంతో ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు.

గీతలు, బెణుకులైతే రాజీయే మేలు. ఎముక, తల, వెన్ను దెబ్బలకు వినియోగదారుల కమిషనే, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని పరిహారం ఇప్పించే కోర్టులాంటిది. చేతిలో డబ్బు లేకపోతే వాళ్లిచ్చింది తీసుకోండి, రసీదులో మాత్రం "వైద్య ఖర్చులకు అడ్వాన్సు" అనే రాయండి.

కమిషన్‌కు ఖర్చవుతుందన్న భయం అక్కర్లేదు. ఫీజుకు లెక్క మీరడిగే పరిహారం కాదు, కట్టిన టికెట్ డబ్బు. అది 5 లక్షలు దాటకపోతే ఫీజే లేదు. నెల్లూరువాళ్లు కొత్తపట్నంలో దెబ్బతిన్నా నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు, గడువు 2 ఏళ్లు. తీర్పు ఆలస్యమవుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్లకు డబ్బు కట్టామని చూపడమే కష్టం, అందుకే ఫోన్‌లో చెల్లించండి.

పోలీసు కేసు దానంతటదే డబ్బు తెచ్చిపెట్టదు. అయినా పెట్టండి: ఎఫ్‌ఐఆర్, ఆస్పత్రిలో రాయించే ఎంఎల్‌సీ (పోలీసు కేసు కాగల గాయమని డాక్టరు నమోదు చేసే మెడికో-లీగల్ రికార్డు) కమిషన్‌లో గట్టి సాక్ష్యాలు. అన్నిటికంటే ముందు, ఆ జాకెట్‌ను, బండిని వాళ్లు తీసేయకముందే ఫొటోలు తీయించండి.