సూపర్‌హీరో సినిమా: మొదటి రోజు వెళ్దామా, ఓటీటీకి ఆగుదామా?

ట్రైలర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఓ పోస్టర్, ఆ పోస్టర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఇంకో వీడియో! 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ అనే హాలీవుడ్ సినిమాకి మన దేశం కోసమే ఏఆర్ రెహమాన్‌తో పాట చేయించారు, తెలుగులో అందులోని విలన్ థానోస్‌కి రానా గొంతు. రానా గొంతు మాత్రం భలే కుదిరింది, అది ఒప్పుకోవాలి.

ఖర్చు: మొదటి రోజు టికెట్, త్రీడీ అద్దాలు, బండి పార్కింగు, పాప్‌కార్న్. ఓటీటీకి నెల చందా, అదీ బావమరిది కడుతుంటే సున్నా.

శ్రమ: బుకింగ్ తెరిచిన రోజు ఫోన్ పట్టుకుని కూర్చోవడం మన తిరుపతోళ్లకి కొత్తేం కాదు, మూడొందల దర్శనం టికెట్లకి అలవాటైన వేళ్లే కదా. కానీ అక్కడ చివర్లో లడ్డూ అయినా దక్కుతుంది. ఇక్కడ పేర్లన్నీ పడేదాకా కూర్చుంటే అర నిమిషం సీను, అది కూడా తర్వాతి సినిమాకి ప్రకటనే! పోయినసారి మా తమ్ముడు దానికోసం నన్ను లేవనీయలేదు, బయటికొచ్చేసరికి టిఫిన్ బండ్లన్నీ కట్టేశారు.

రిస్కు: వెళ్తే డబ్బు పోతుంది. ఆగితే కథ పోతుంది, పొద్దున ఫోన్ తెరిస్తే ఎవరు చచ్చారో స్టేటస్‌లో ఉంటుంది.

గ్యాంగ్ ఉండి, ఈలలేసే వయసైతే మొదటి రోజే వెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు రెండో వారం మ్యాట్నీకి పోండి. ట్రైలర్ చూసే ఆవలించినవాళ్లు నిశ్చింతగా ఓటీటీకి ఆగొచ్చు.