యూనివర్సిటీ బోర్డును ఎమ్మెల్యేలు ఎన్నుకుంటే మేలా, గవర్నర్ వేస్తే మేలా?

అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీని నడిపేది ప్రెసిడెంటే అనిపిస్తుంది. కానీ ఆ ప్రెసిడెంట్‌ను పెట్టేదీ, తీసేసేదీ, ఫీజుల మీద చివరి మాట చెప్పేదీ చాలాచోట్ల బోర్డే. బోర్డు సభ్యులను ట్రస్టీలంటారు, కొన్ని రాష్ట్రాల్లో రీజెంట్లంటారు. మన పిల్లలు వేలల్లో చేరేది ఈ స్టేట్ యూనివర్సిటీల్లోనే కాబట్టి, ఆ కుర్చీలు ఎవరి చేతి మీదుగా వస్తాయో చూసుకోవడం మనకు అక్కర్లేని పనేం కాదు.

ఎక్కువ రాష్ట్రాల్లో ఆ పని గవర్నర్‌ది. అక్కడి గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు. ఈ పద్ధతిలో పని చకచకా అవుతుంది, తప్పు జరిగితే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. చిక్కల్లా ఆ వేగంతోనే. 2023 జనవరిలో ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ న్యూ కాలేజ్ అనే ప్రభుత్వ కాలేజీ బోర్డులో ఒకేసారి ఆరుగురిని వేశారు. ఆ నెల ముగిసేలోపే బోర్డు అక్కడి ప్రెసిడెంట్‌ను ఇంటికి పంపింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోనూ 26 మంది రీజెంట్లలో 18 మందిని గవర్నరే వేస్తాడు, కానీ వాళ్ళ పదవీకాలం 12 ఏళ్ళు. అందుకని కొత్తగా వచ్చిన గవర్నర్ మొదటి ఏడాదే బోర్డునంతా తిప్పేయలేడు.

ఇక శాసనసభ్యులే ఎన్నుకునే రాష్ట్రాలు కొన్నే. వాటిలోనూ ఒక రాష్ట్రానికి ఇంకో రాష్ట్రానికి పోలిక లేదు.

సౌత్ కరోలినాలో ప్రతినిధుల సభలో 124 మంది, సెనేట్‌లో 46 మంది, అంతా కలిసి కూర్చుని ఓటేస్తారు. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినాకు 16 జ్యుడీషియల్ సర్క్యూట్ల (కోర్టుల పరిధి ప్రకారం విభజించిన ప్రాంతాల) నుంచి ఒక్కో ట్రస్టీ వస్తాడు. దీనివల్ల మారుమూల ప్రాంతానికీ బోర్డులో ఒక గొంతు ఉంటుంది. కానీ అభ్యర్థి నచ్చజెప్పుకోవాల్సింది ఆ 170 మందికే. అర్హతలు పరిశీలించే కమిటీలో ఉండేదీ శాసనసభ్యులే. చదువుల గురించి ఎంత తెలిసినా, ఎమ్మెల్యేలతో పరిచయాలు లేనివాడు అక్కడ గెలవడం కష్టమని నా అభిప్రాయం.

అదే రాష్ట్రంలో క్లెమ్సన్ యూనివర్సిటీ కథ వేరు. 1888లో చనిపోయిన థామస్ గ్రీన్ క్లెమ్సన్ తన ఆస్తిని కాలేజీ కోసం రాసిస్తూ వీలునామాలో ఒక మెలిక పెట్టాడు. 13 మంది ట్రస్టీల్లో ఏడుగురు జీవితాంతం ఉంటారు. వాళ్ళలో ఒక కుర్చీ ఖాళీ అయితే మిగతావాళ్ళే నింపుకుంటారు. శాసనసభకు మిగిలేది ఆరు. అంటే అసెంబ్లీలో ఏ పార్టీ ఊడ్చేసినా, క్లెమ్సన్ బోర్డులో మెజారిటీ దాని చేతికి రాదు. ఆయనెవరో రాజకీయ నాయకుల సంగతి బాగా తెలిసినవాడే! అయితే ఈ ఏడుగురిని ప్రశ్నించేవాడెవడు అంటే మాత్రం జవాబు లేదు.

నార్త్ కరోలినాలో రాష్ట్ర యూనివర్సిటీ క్యాంపస్‌లన్నిటి మీదా ఉండే పెద్ద బోర్డును బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ అంటారు, అందులో 24 మంది. 12 మందిని ఒక సభ, 12 మందిని ఇంకో సభ విడివిడిగా ఎన్నుకుంటాయి. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటే. ఒక సభ మరో సభను మింగేయదు. కానీ 2010 ఎన్నికల నుంచి రెండు సభలూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి, కాబట్టి పంపకం ఉన్నా లేనట్టే. పైగా 2016 చివర్లో డెమోక్రాట్ రాయ్ కూపర్ గవర్నర్‌గా గెలవగానే, ఆయన పదవిలోకి రాకముందే చట్టం మార్చేసి, ఒక్కో క్యాంపస్ బోర్డులో గవర్నర్‌కున్న నాలుగేసి కుర్చీలను శాసనసభ లాగేసుకుంది. మరుసటి ఏడాది పెద్ద బోర్డును 32 నుంచి 24కు కుదించింది. ఎన్నుకునేవాళ్ళే ఆట నియమాలు కూడా రాసుకుంటే జరిగేది ఇదే.

నాకు నచ్చింది మిన్నెసోటా. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాకు 12 మంది రీజెంట్లు, పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి నాలుగు కుర్చీలకే ఎన్నిక. ఒక్క ఎన్నికల గాలికి బోర్డు మొత్తం కొట్టుకుపోదు. ముందుగా 24 మంది సలహా మండలి దరఖాస్తులు చూసి, ఇంటర్వ్యూలు చేసి పేర్లు సూచిస్తుంది. ఆ తర్వాత రెండు సభలవాళ్ళూ కలిసి ఓటేస్తారు. లోపం లేదని కాదు. మండలి చెప్పిన పేర్లకే కట్టుబడాలన్న నియమం లేదు, మెజారిటీ పార్టీ తలచుకుంటే వేరే వాళ్ళను నిలబెట్టి గెలిపించుకోవచ్చు. 67 మంది సెనేటర్లు, 134 మంది ప్రతినిధులు ఒకే చోట ఓటేస్తే పెద్ద సభదే పైచేయి కావడానికీ వీలుంది.

మరి నేరుగా జనమే ఎన్నుకుంటే? మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్, మిషిగన్ స్టేట్, వేన్ స్టేట్ బోర్డులకు అలాగే జరుగుతుంది. ఒక్కో బోర్డుకు ఎనిమిది మంది, ఎనిమిదేళ్ళ పదవి. వినడానికి ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏముంటుంది? కానీ అభ్యర్థులను నిలబెట్టేది పార్టీలే. పొడుగాటి బ్యాలెట్‌లో అంత కిందికి వచ్చేసరికి చాలామంది చూసేది మనిషి పేరు కాదు, పార్టీ పేరు.

కాబట్టి నా ఓటు శాసనసభకే, కానీ మిన్నెసోటా షరతులతో: దీర్ఘమైన పదవీకాలం, విడతల వారీ ఎన్నిక, ఓటింగ్‌కు ముందు బయటివాళ్ళ వడపోత. ఇవి లేని శాసనసభ ఎన్నిక కన్నా కాలిఫోర్నియా గవర్నర్ నియామకమే నయం. మిన్నెసోటా నుంచి ఇంకొకటి కూడా తీసుకోవచ్చు. ఆ 12 కుర్చీల్లో ఒకటి, ఎన్నికయ్యే నాటికి ఆ యూనివర్సిటీలో చదువుతున్న విద్యార్థికే ఇవ్వాలి. ఆ కుర్రాడికో అమ్మాయికో మిగతా పదకొండు మందితో సమానంగా ఓటుంటుంది, ఫీజుల మీద ఓటింగ్‌తో సహా.