కీత్లీ ఊటనీటి ఏల్: టిమోతీ టేలర్ మూడు గ్లాసులు

ఇంగ్లండులోని వెస్ట్ యార్క్‌షైర్‌లో, లీడ్స్ నుంచి రైల్లో అరగంటలో చేరుకోగల కీత్లీ పట్టణంలో 1858లో మొదలైన టిమోతీ టేలర్ బ్రూవరీ, 1863 నుంచి నోల్ స్ప్రింగ్ అనే ఊట దగ్గరే ఉంటూ, ఆ నీటితోనే నేటికీ ఏల్ అనే ఇంగ్లిష్ తరహా బీరు కాస్తోంది. అదే ఊరి పబ్బులో ఒక సాయంత్రం కూర్చుని, వాళ్ళ ఏల్‌లలో మూడింటిని సగం పైంట్ (పావు లీటరుకు కాస్త ఎక్కువ) చొప్పున రుచి చూశాను.

మొదటిది 4.3 శాతం ఆల్కహాలు ఉన్న ల్యాండ్‌లార్డ్. సీసాకు చెమట పట్టేంత చల్లదనం లేనిదే బీరు కాదనుకునే మనవాళ్ళకు, 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఇచ్చే ఈ గ్లాసును పట్టుకోగానే, పొరపాటున బయట పెట్టి మరిచిపోయిన బీరేమోనన్న అనుమానం కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ ఆ మాత్రం వెచ్చదనం ఉంటేనే స్టిరియన్ గోల్డింగ్స్ రకం హాప్స్ (బీరుకు చేదూ పరిమళమూ ఇచ్చే పూలు) వాసన, నారింజ తొక్క గిల్లినట్టు, పైకి వస్తుంది. రంగు పుట్టతేనెది. చేతిపంపు మూతికి తగిలించిన చిల్లుల బిరడా వల్ల మీగడలా కట్టిన నురుగు, గుక్క గుక్కకూ గాజు మీద ఒక్కో వలయం మిగిల్చింది. చివరన నిలిచే చేదు, ఉసిరికాయ నమిలాక తాగిన మంచినీళ్ళలా, తరువాతి గుక్కను తియ్యబరుస్తుంది.

2014లో బ్రిటన్ ఛాంపియన్ బీరుగా ఎంపికైన బోల్ట్‌మేకర్ 4 శాతమే. దోరగా వేగిన బార్లీ రుచితో, కాస్త పొడిగా ఉంటుంది. ల్యాండ్‌లార్డ్ డార్క్‌లో ముదురుపాకం పట్టిన బెల్లం ఛాయ ఉంది గాని, నా నాలుకకు ఆ తీపి రెండో గ్లాసు దాకా రానివ్వలేదు.

ఈ ఏల్ పీపాలో కూడా పులుస్తూనే ఉంటుంది కనుక, నేలమాళిగలో దాన్ని తగినన్ని రోజులు కుదురుకోనిచ్చి, తెరిచాక మూడు రోజుల్లోపు అమ్మేయడం పబ్బువాళ్ళ బాధ్యత. అంతకు నెల ముందు వేరే ఊళ్ళో, పేరు చెప్పను గాని, జనం పలుచగా ఉన్న ఒక పబ్బులో ఇదే ల్యాండ్‌లార్డ్ సిర్కా వాసన వేస్తే, తప్పు బ్రూవరీదే అనుకున్నాను. కీత్లీలో తాగాక ఆ అభిప్రాయం మార్చుకుని, మరో ల్యాండ్‌లార్డ్, ఈసారి పూర్తి పైంట్, తెప్పించుకున్నాను.