మటౌరి బేలో రెయిన్‌బో వారియర్: డైవ్ చేసేవాళ్లకీ, చేయనివాళ్లకీ

1985 జూలై 10 రాత్రి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో ఫ్రెంచ్ గూఢచారులు రెండు బాంబులు పెట్టి ముంచిన ఓడ ఇది, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్‌ది. ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరైరా అందులోనే చనిపోయాడు. ఓడను పైకి తేల్చారు గానీ బాగుచేసే వీలు లేకపోయింది. 1987 డిసెంబరులో ఉత్తరాన మటౌరి బే ఎదుట, కవల్లి దీవుల దగ్గర 26 మీటర్ల లోతున దించేశారు. ఆక్లాండ్ నుంచి కారులో నాలుగు గంటలు వేసుకోండి.

డైవింగ్‌లో తొలి మెట్టు సర్టిఫికెట్ అయిన ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల వరకే, కాబట్టి దాని పై మెట్టు అడ్వాన్స్‌డ్ ఉండాలి. అడుగున ఒత్తిడి పైకంటే 3.6 రెట్లు, సిలిండర్ ఖాళీ అయ్యేదీ అదే లెక్కన. మామూలు గాలితో 20–25 నిమిషాలకు మించి అడుగున ఉండొద్దు. ముందు ఇసుక దాకా దిగి, తర్వాత డెక్ వైపు ఎక్కుతూ రండి. టార్చి మరిచిపోతే సగం డైవ్ దండగ. ఆ లోతులో ఎరుపు కనపడదు, ఓడ పక్కలు బూడిదరంగు గోడలా ఉంటాయి. వెలుగు పడగానే అదే గోడ నిండా గులాబీ, నారింజ, ఊదా రంగుల్లో గోరంత జ్యువెల్ అనెమోన్లు, పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు! లోపలికి మాత్రం దూరకండి. తుప్పుతో రేకు పలచబడింది, ఫిన్ (కాలికి తొడుక్కునే తెడ్డు) తగిలితే మడ్డి లేచి దారి కనపడదు.

నీళ్లు ఫిబ్రవరి, మార్చిలో 20 డిగ్రీలు దాటతాయి, అక్కడి చలికాలం చివర, అంటే ఆగస్టు, సెప్టెంబరులో, 15కి పడతాయి. అప్పుడు 7 మిల్లీమీటర్ల సూటు, హుడ్ తప్పవు. తూర్పుగాలి వీస్తే బోటు రద్దవుతుంది, అందుకని రెండు రోజులు చేతిలో పెట్టుకోండి. రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, బోటు పైహియా ఊరి నుంచి వస్తుందా, మటౌరి తీరంలోనే ఎక్కాలా అన్నవి బుకింగ్ అప్పుడే అడగండి.

డైవ్ ఉంటే తీరంలోని క్యాంప్‌గ్రౌండే నయం, క్రిస్మస్ సెలవుల రద్దీ తప్ప. గదులు, సరుకులు కావాలంటే కెరికెరి పట్నం. కాకపోతే పొద్దున్నే ఆ వంపుల రోడ్డు మీద పరుగెత్తాలి.

డైవ్ చేయనివాళ్లు కొండెక్కండి. పైన ఓడ స్మారకంగా కట్టిన రాతి కమాను మధ్య ఆ ఓడ ప్రొపెల్లర్‌నే అమర్చాడు శిల్పి క్రిస్ బూత్. ఎక్కుడు నిటారు, వాన పడితే గడ్డి జారుతుంది, చెప్పులు పనికిరావు. ఓడ మాస్ట్‌లు (తెరచాప స్తంభాలు) డార్గవిల్ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. వాటికోసమే అంత దూరం అనవసరం, వైపౌవా అడవి మీదుగా తిరిగొస్తే దారిలోనే తగులుతాయి.

విమానం ఎక్కేముందు ఒక్క డైవ్‌కి 12 గంటలు, రెండయితే 18 గంటలు ఆగాలి.