పాలియోకి పీసీడీ అడాప్టర్లు: 4 ఏళ్లు, 40 వేల కిలోమీటర్లు తిరిగాక

ముందు నాకు బాగా నచ్చిన సంగతి చెప్పేస్తా. ఫియట్ పాలియో కారుకి రోడ్డు మీద స్వయంగా చక్రం మార్చినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది. మారుతీకో హ్యుందాయ్‌కో అయితే హబ్ (చక్రం బిగించే ఇరుసు భాగం) మీద స్టడ్లు, అంటే మర ఉన్న కడ్డీలు, పొడుచుకుని ఉంటాయి, చక్రం ఎత్తి వాటికి తగిలిస్తే అదే నిలబడుతుంది, నట్లు తీరిగ్గా బిగించుకోవచ్చు. మన బండికి స్టడ్లు లేవు, బోల్టులే. గొంతుక్కూర్చుని, చక్రాన్ని పాదం మీద ఎక్కించుకుని, రిమ్ము కన్నమూ హబ్ కన్నమూ ఒక వరసలోకి వచ్చేదాకా అటూ ఇటూ తిప్పుతూ, రెండో చేత్తో బోల్టు దూర్చాలి. అది కాస్తా జారి కిందపడి కారు కిందకి దొర్లుతుంది. వానలో అయితే ఇక చెప్పక్కర్లేదు.

హబ్‌కీ చక్రానికీ మధ్య అడాప్టరనే అల్యూమినియం బిళ్ల బిగించాక ఆ బెడద పోయింది. అడాప్టరు హబ్‌కి పాత బోల్టు కన్నాల్లోనే బిగుసుకుంటుంది, దానికి బయటి వైపు కొత్త స్టడ్లుంటాయి. నేను వీటిని చేయించింది వేరే కొలత అల్లాయ్ రిమ్ముల కోసం, కానీ ప్రేమ పుట్టింది మాత్రం ఆ స్టడ్ల మీద. మొదటి 6 నెలలు కనపడ్డవాళ్లందరికీ ఇదే చెప్పా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను, ఎందుకో కింద చూడండి.

నాది 2003 మోడల్ 1.2 పెట్రోలు. ఫియట్‌ది 4x98, అంటే 98 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయం మీద నాలుగు కన్నాలు (ఆ వ్యాసాన్నే పీసీడీ అంటారు). మన ఊళ్లలో దొరికే రిమ్ముల్లో ఎక్కువ 4x100. చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో మూడు ఆదివారాలు తిరిగితే 4x98 అల్లాయ్‌లు దొరికింది ఒకే ఒక్క సెట్టు, అందులో రెండింటి అంచులు తిన్న అప్పడాల్లా ఉన్నాయి. తేడా 2 మిల్లీమీటర్లే, అంటే ఒక్కో కన్నం 1 మిల్లీమీటరు పక్కకి. ఈ ఒక్క మిల్లీమీటరే అందర్నీ మోసం చేసేది. "కూర్చుంటుంది సార్" అంటూ పాత బోల్టులతోనే 4x100 రిమ్ము బిగించేసే పంక్చరు షాపులు కోకొల్లలు. నిజానికి ఒక బోల్టు సరిగ్గా కూర్చుంటుంది, మిగతావి తల కింద ఏటవాలుగా ఉండే కోను ఒక పక్కనే ఆనించుకుని వంగి ఉంటాయి. కోను విడిగా కదిలే వాబుల్ బోల్టులని ఉన్నాయి, ఈ ఒక్క మిల్లీమీటరుకి అవే చవక దారి. నాకు సరైన పొడవులో దొరకలేదు. దొరికినా ఆ కదిలే కోను మీద అప్పట్లో మనసొప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కొంచెం తొందరపడ్డానేమో.

సరే, అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న లేత్ షాపులో అల్యూమినియం దిమ్మె నుంచి తీయించా. 98 కన్నాలూ 100 కన్నాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి రెండో వరస కన్నాలు 45 డిగ్రీలు తిప్పి వేయాలి. మందం 20 మిల్లీమీటర్లు. లోపలి బోల్టు తల అడాప్టరులోనే మునిగిపోవాలి, లేదంటే చక్రం దాని మీద ఎక్కి కూర్చుంటుంది. అందుకని షాపతను పాత ఫియట్ బోల్టులు వద్దని ఎం12 అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వాడాడు. వాటి తలే 12 మిల్లీమీటర్లు. ఇక తల కింద మిగిలింది 8 మిల్లీమీటర్ల అల్యూమినియం. ఆ లెక్క నేను అప్పుడే వేసుకుని ఉండాల్సింది.

ఇంకో సంగతి. ఫియట్ హబ్ మధ్య ఉబ్బు 58.1 మిల్లీమీటర్లు, అడాప్టరు మధ్య కన్నం దానికి బిగుతుగా సరిపోవాలి. నేను కాగితం మీద 58.1 అనే రాసిచ్చా. అతను 60కి బోరు కొట్టాడు. అడిగితే "కొంజెం లూసా ఇరుందా కయట్ట ఈజీ సార్" అన్నాడు, ఊడదీయడానికి సులువని. పని తెలిసినవాడే కదా అని ఊరుకున్నా.

రెండో వారానికే 80 స్పీడు దగ్గర స్టీరింగ్ వణుకు మొదలైంది. 70 దాకా ఏమీ ఉండదు, 95 దాటితే మళ్లీ తగ్గుతుంది. వీల్ బ్యాలెన్సింగ్ మూడు చోట్ల చేయించా, ప్రతి చోటా మెషీన్ సున్నా చూపించింది, ప్రతి చోటా డబ్బులు తీసుకున్నారు, వణుకు మాత్రం అలాగే ఉంది. నాకు చాలా ఆలస్యంగా వెలిగింది ఏమిటంటే, బ్యాలెన్సింగ్ మెషీన్ మీదకి ఎక్కేది చక్రం ఒక్కటే, అడాప్టరు కారుకే ఉండిపోతుంది. తప్పు అడాప్టరులో ఉంటే ఆ మెషీన్‌కి జన్మలో కనపడదు.

సంక్రాంతికి అమ్మని తీసుకుని గూడూరు బయల్దేరా. తడ దాటేదాకా ఆ వణుకు అలవాటైనదే కదా అని లెక్కచేయలేదు. సూళ్లూరుపేట దగ్గర సర్వీస్ రోడ్డులోకి దిగి నెమ్మది చేస్తే ఎడమ ముందు చక్రం నుంచి టక్, టక్ అని, గుమ్మం మీద వేలితో కొట్టినట్టు సన్నగా చప్పుడు. ఆపి నట్లు చూశా, నాలుగూ రాయిలా ఉన్నాయి. మళ్లీ కదిలితే మళ్లీ టక్. జాకీ ఎక్కించి చక్రం ఊడదీస్తే అప్పుడు కనపడింది అసలు భాగోతం. లోపలి అలెన్ బోల్టుల్లో రెండు నా వేళ్లకే తిరిగాయి. బయటి నట్లు నేను వారానికోసారి టార్క్ రెంచితో (ఎంత బిగువుందో కొలిచే పానా) చూసుకుంటూనే ఉన్నా. చూడాల్సినవేమో చక్రం వెనక దాక్కుని ఉన్నాయి!

బిగిద్దామంటే ఎం12 అలెన్ బోల్టుకి 10 నంబరు అలెన్ కీ కావాలి. నా దగ్గర ఉన్న సెట్టు 8తో ఆగిపోయింది. స్టెప్నీ వేద్దామంటే అది పాత ఇనప చక్రం, 4x98ది, అడాప్టరు మీద కూర్చోదు. అడాప్టరు తీసేద్దామంటే దానికీ అదే 10 నంబరు కీ. పోనీ ఎలాగో తీసినా, స్టెప్నీ బిగించడానికి కావాల్సిన ఫియట్ బోల్టులు చెన్నైలో బాల్కనీలో ఒక డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

అమ్మ టీ కొట్టు బెంచీ మీద కూర్చుని అంతా చూసి, "ఏంది అబ్బయా, పాత చక్రాలకి ఏమొచ్చింది, నల్లగా బాగానే ఉండె కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

చివరికి లారీలు బాగుచేసే ఒక పెద్దాయన కీ పట్టుకొచ్చాడు. "ఇదేంది సార్, చక్రానికి చక్రం తొడిగినారే" అంటూనే అడాప్టరు మొత్తం ఊడదీసి వెనక వైపు బొటనవేలితో రుద్దాడు. నల్ల పెయింటు పొడిపొడిగా రాలింది. అది షాపువాడు వేసింది కాదు, నేనే. తుప్పు పట్టకుండా అని (అల్యూమినియంకి తుప్పేమిటో నాకే తెలియాలి) హబ్‌కి ఆనే వైపు కూడా రెండు కోట్లు స్ప్రే కొట్టా. రెండు లోహాల మధ్య పెయింటు పొర ఉంటే బిగించినప్పుడు బాగానే ఉంటుంది, తిరిగి తిరిగి అది నలిగి పలచబడుతుంది, పలచబడినంత మేరా బోల్టు పట్టు పోతుంది. ఆయన బ్లేడుతో గీకి, హబ్ కూడా తుడిచి బిగించాడు. గూడూరు దాకా 50 దాటకుండా వెళ్లా.

పండగ అయ్యాక వేరే షాపులో వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి అడాప్టరు తిప్పిస్తే ముల్లు దాదాపు ఒక మిల్లీమీటరు ఆడింది. బోరు లూజు, అలెన్ బోల్టుల తల అడుగు చదును, అంటే అడాప్టరుని మధ్యలో నిలబెట్టేది ఏదీ లేదు, బిగించేటప్పుడు ఎటు జారితే అటే. వణుకు సంగతి అప్పుడు తేలింది. అలాగని తప్పంతా మొదటి షాపుదే అని అనలేను. బోరు అతనిది, పెయింటు నాది.

రెండో సెట్టు సీఎన్‌సీలో (కంప్యూటరుతో నడిచే మెషీన్), 25 మిల్లీమీటర్ల మందంతో చేయించా. మధ్య కన్నం 58.1కి బిగుతుగా. బయటి వైపు నా రిమ్ముల బోరు 73.1కి సరిపడా అంచు. లోపల అలెన్ బోల్టులు మానేసి 60 డిగ్రీల కోను సీటు, ఫియట్ బోల్టులే. బిగించేటప్పుడు బోల్టు కనీసం 10 చుట్లు లోపలికి పోతోందా అని ఒక్కొక్కటీ లెక్కపెట్టా. మొదటి సెట్టు 6 వేలు, ఇది 11 వేల 500. ఆ డబ్బులకి పుదుపేటలో ఇంకో నాలుగు నెలలు ఓపిగ్గా తిరిగి ఉంటే ఏదైనా దొరికేదేమో, అది వేరే బాధ.

వణుకు పూర్తిగా పోయింది, లోపలి బోల్టులు మళ్లీ లూజు కాలేదు. కానీ ప్రతి 5 వేల కిలోమీటర్లకీ చక్రాలన్నీ ఊడదీసి టార్క్ చూస్తా, అది తప్పదు. స్టడ్ల వల్ల సులువు అన్నా కదా, ఆ సులువంతా ఇక్కడే ఖర్చయిపోతుంది. అయిదో అల్లాయ్ కొని స్టెప్నీగా పెట్టుకున్నా. 17 నంబరు సాకెట్టూ, నాలుగు ఫియట్ బోల్టులూ ఒక హార్లిక్స్ సీసాలో వేసి డిక్కీలో ఉంచా, గుంతల్లో అది గలగలమంటే ఇప్పటికీ ఒక్క క్షణం గుండె జారుతుంది.

25 మిల్లీమీటర్ల మందం ఊరికే పోదు. చక్రం అంత బయటికి వచ్చింది, వెనక ముగ్గురు కూర్చుంటే స్పీడ్ బ్రేకరు మీద మడ్‌గార్డు రాసుకుంటుంది. గాడి పడ్డ రోడ్డులో స్టీరింగ్ ఎటో లాగుతుంది. 22 వేల కిలోమీటర్ల దగ్గర ముందు బేరింగ్ ఒకటి మార్చా, దీనివల్లే అని చెప్పలేను, బండి వయసూ అంతే ఉంది. చట్టం సంగతి కూడా చూసుకోండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే మాట అంది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు ముందు చక్రాల వైపే చూస్తారనే భయం నాకుంది. ఆర్‌సీ రెన్యువల్‌కి పాత ఇనప చక్రాలు బిగించే తీసుకెళ్లా.

నేను వేళచ్చేరి నుంచి ఆఫీసుకి ఒక్కడినే పోతా, నెలకోసారి గూడూరు, 90 దాటను. నా వాడకానికి సరిపోయింది. వారం వారం కుటుంబంతో తిరుమల ఘాటు ఎక్కేవాళ్లెవరైనా అడిగితే నేను మాత్రం ఊ అనను. 20 మిల్లీమీటర్ల కంటే పలచగా చేసిస్తామనే షాపుకి అసలు వెళ్లొద్దు.

పోయిన వారం పుదుపేట నుంచి ఫోన్ వచ్చింది, 4x98 అల్లాయ్‌లు ఒక సెట్టు దిగిందట, నాలుగింటిలో ఒకటే కొంచెం వంకరట. ఆదివారం వెళ్లి చూస్తా. అమ్మకి ఇంకా చెప్పలేదు.