షాదీఖానాలో మా అమ్మాయి రిసెప్షన్

ముహూర్తం కాణిపాకంలో, రిసెప్షన్ చిత్తూరులో. మాఘమాసం కదా, కల్యాణ మండపాలన్నీ ఎప్పుడో బుక్కైపోయినాయి. చివరికి షాదీఖానా దొరికింది. "ఏం బావా, ఇంకెక్కడా దొరకలేదా నీకు?" అన్నాడు పలమనేరు బావమరిది. బాడుగ చెప్పినాక గమ్మునైపోయినాడు.

హాలు పెద్దదే, 400 మంది వచ్చినా ఇరుకనిపించలేదు. పైన ఆడవాళ్ళకు ఇంకో హాలుంది, పసిబిడ్డల్ని పడుకోబెట్టుకోను బాగా పనికొచ్చింది. వంటగదికైతే నూటికి నూరు మార్కులు. మాది శాకాహారం అని చెప్పినామో లేదో, అక్కడ చూసుకునే భాయ్ బిర్యానీ డేగిసాలన్నీ స్టోరు రూములో పెట్టి తాళం వేసేసినాడు. "పాత్రలు మీరే తెచ్చుకోండి సార్, పెద్దోళ్ళకు పట్టింపులుంటాయి" అన్నాడు. పొయ్యిలు ముందురోజే కడిగించినాడు. ఇవేవీ నేను అడిగినవి కావు. సాయంత్రం నమాజు వేళకు మేళం పది నిమిషాలు ఆపమన్నాడు, నాదస్వరం ఆయనకూ కాఫీకి టైము దొరికింది.

ఈ భాయ్‌ని చూస్తే అమెరికాలో చూసిన ఒక గొడవ గుర్తొచ్చింది. 2010 ఆగస్టులో కొడుకు దగ్గర న్యూజెర్సీలో ఉన్నా. టీవీ పెడితే 'గ్రౌండ్ జీరో మసీదు' గొడవే, 9/11 దాడుల్లో కూలిన ట్రేడ్ సెంటర్ దగ్గర ముస్లింల సెంటర్ కట్టొచ్చా వద్దా అని. ఏందో చూద్దామని మాన్‌హటన్‌లో పార్క్ ప్లేస్‌కు పిల్చుకొని పొమ్మన్నా. మినార్లుంటాయనుకుంటే, కనిపించింది మూతబడిన బట్టలకొట్టు, ఐదంతస్తుల పాత కట్టడం. ట్రేడ్ సెంటర్ స్థలం దానికి రెండు వీధుల అవతల. కట్టాలనుకున్నది 13 అంతస్తులు: 500 మంది పట్టే ఆడిటోరియం, ఈతకొలను, వంట నేర్పే స్కూలు, నమాజుకు చోటు, ఏ మతంవాళ్ళైనా రావచ్చు. మేలో అక్కడి కమ్యూనిటీ బోర్డు 29-1తో సరేనంది. ఆగస్టు 3న పాత కట్టడాల కమిషన్, ఆ బట్టలకొట్టు కట్టడాన్ని కాపాడాల్సిన పనిలేదని 9-0తో అడ్డు తీసేసింది. కొట్లాట మాత్రం ఆగలేదు. 9/11లో అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళే కొందరు వద్దన్నారు, కొందరు కట్టనీండన్నారు. వాళ్ళ కడుపుకోతను తప్పుపట్టను. టీవీలో గొంతు చించుకునేవాళ్ళ మీదే నా కోపం. చివరికి అక్కడ లేచింది అపార్ట్‌మెంట్ల టవర్.

అక్కడ ప్లానులో ఈతకొలను, ఇక్కడ చేతులు కడుక్కునే కుళాయికే నీళ్ళు లేవు! రెండు ట్యాంకర్లు తెప్పించుకున్నాం. జనరేటరు డీజిలు బాడుగలో కలవదని చివర్లో చెప్పినారు, అది ముందే చెప్పాల. మెట్ల పక్కన ర్యాంపు లేదు, మా అమ్మను కుర్చీతో ఎత్తి ఎక్కించినాం.

అడ్వాన్సులో 500 పట్టుకున్నారు, కుర్చీ విరిగిందని. న్యాయమే. విరిచింది మా బావమరిది.